నీలం పూసిన మ్యాపు

మా పై అంతస్తు అమ్మాయి తను గీసిన బొమ్మ ఎవరి చేతిలో పెట్టినా, ఇక వాళ్ల కళ్లనే చూస్తూ కూర్చునేది. ఎంతసేపు చూశారో రాసుకునేది. సముద్రం పెరుగుతోందని మామూలు జనానికి ఏ బొమ్మతో చెబితే ఎక్కుతుందో తేల్చడం వన్-నార్త్ పరిశోధన కేంద్రంలో ఆమె ఉద్యోగం. ఆదివారాలు టోవా పాయో హాకర్ సెంటర్‌లో, ఆ తిండి దుకాణాల మధ్య, బల్లబల్లకూ తిరిగేది. ఆమె మొదట తెచ్చిన గ్రాఫు చూసి బల్లకింద పిల్లి కూడా ఆవులించింది. నేను చెప్పేవాటిలో సగం నమ్మితే చాలు.

చివరికి మునిగిపోయే చోట్లకు నీలం పూసిన మ్యాపు తెచ్చింది. నూడుల్స్ చల్లారిపోతున్నా జనం దాన్ని వదల్లేదు. అమ్మాయి మొహం వెలిగిపోయింది. అంతలో ఒక చైనీస్ ఆంటీ మ్యాపు మీద తన బిల్డింగు ఉన్నచోట వేలు పెట్టి, "మై బ్లాక్ నో బ్లూ. ఓకే లా," అని నవ్వి, మళ్లీ తినడం మొదలుపెట్టింది. పక్కవాళ్లూ అంతే.

"మీరేం వెతికారంకుల్?" అని అమ్మాయి నన్నడిగింది.

"మన బ్లాకేనమ్మా. మునగదులే," అన్నాను శుభవార్తలా.

ఆమె గ్రాఫునూ మ్యాపునూ బల్లమీద పక్కపక్కన పెట్టుకుంది.

"మరి ఆఫీసుకు ఏది పంపుతావు?" అన్నాను.

"ఇదే. ఫారంలో ఎంతసేపు చూశారనే అడిగారంకుల్. ఎందుకు చూశారో రాయడానికి కాలమ్ లేదు."