మడమ ఆన్చమన్నదెవరు?

దయ్యాల మాటెత్తితే మా ఇంట్లో నవ్వేవాళ్లు. మా నాన్న బడిపంతులు. ఏ వింత చెప్పినా "నువ్వు చూశావా?" అని అడిగేవారు. ఆయన కూతుర్ని నేను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. అయినా తిరువూరులో మేం అద్దెకున్న ఇంటి వరండాలో జరిగింది జరిగినట్టు చెప్తాను.

డెబ్బైల నాటి మాట. తొమ్మిదో తరగతిలో ఉన్నాను. మా హైస్కూలు అమ్మాయిల ఖోఖో జట్టులో నా అంత వేగంగా పరిగెత్తేవాళ్లు లేరు. విస్సన్నపేటలో ఆడుతూ, స్తంభం దగ్గర గిర్రున తిరగబోయి పడ్డాను. కుడికాలి ఎముక మోకాలి కింద విరిగింది. బెజవాడ తీసుకెళ్లి సిమెంటు కట్టు వేయించారు.

కట్టు విప్పేసరికి కాలు పుల్లలా ఉంది. మునివేళ్ల మీద నిలబడుతున్నాను గానీ మడమ నేలకి ఆనడం లేదు. ఇలాగే వదిలేస్తే పిక్క బిగుసుకుపోయి జన్మంతా కుంటాల్సి వస్తుందని డాక్టరు నాన్నతో చెప్పారు. మళ్లీ ఆడి తీరతానని నేను అందరితో గట్టిగానే అనేదాన్ని. అమ్మ రోజూ పట్టుకుని నడిపించేది. మడమ మాత్రం దిగలేదు.

ఒక ఆదివారం పొద్దున ఇంట్లోవాళ్లంతా చర్చికి వెళ్లారు. పెరటి తలుపుకి అమ్మ లోపలినుంచి గడియ పెట్టే వెళ్లింది. ఎదురింటి సుబ్బమ్మగారు తన అరుగు మీద బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ నన్ను కనిపెట్టి చూస్తానన్నారు.

ఎవరూ లేనప్పుడు ప్రయత్నిద్దామని చేతికర్రతో వరండాలోకి వచ్చాను. కాస్త నడిచానో లేదో కర్ర జారిపోయింది. పడ్డాననే అనుకున్నాను. అంతలో ఎవరో నా జబ్బ పట్టుకుని నిలబెట్టారు. గట్టి చెయ్యి, వెచ్చగా ఉంది. సుబ్బమ్మగారే వచ్చారనుకున్నాను.

"మడమ ఆన్చు" అంది ఒక ఆడగొంతు.

ఆన్చాను. పిక్క భగ్గుమంది గానీ మడమ నేలకి తగిలింది. మళ్లీ ఆన్చాను. అలాగే వరండా చివరిదాకా నడిచి గోడ పట్టుకున్నాను. జబ్బ మీది చెయ్యి వదిలింది. సంతోషంగా వెనక్కి తిరిగాను. వరండాలో ఎవరూ లేరు.

సుబ్బమ్మగారు వీధికి అవతల తన అరుగు మీదే ఉన్నారు. చేట పక్కన పెట్టి, లేచి నిలబడి చూస్తున్నారు.

"బాగా నడిపించింది. ఎవరమ్మా ఆవిడ, మీ చుట్టాలా?" అన్నారు.

అమ్మ వచ్చాక సుబ్బమ్మగారిని తిప్పి తిప్పి అడిగింది. ఆకుపచ్చ చీర కట్టుకుందని, నాకంటే జానెడు పొడుగని, నన్ను గోడ దాకా చేర్చి ఇంట్లోకి వెళ్లిందని చెప్పారు. ఆమె వీపు తనవైపు ఉండటంతో మొహం చూడలేదట. ఇల్లంతా వెతికాం. పెరటి గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది. చుట్టాల్లో అలాంటి మనిషెవరా అని అమ్మ చాలా రోజులు ఆలోచించింది. ఎవరూ తట్టలేదు.

పెద్దావిడకి చూపు ఆనలేదన్నారు నాన్న.

"అద్దాలు లేకుండా బియ్యంలో రాళ్లేరుతుందండీ ఆవిడ" అంది అమ్మ.

ఆ రోజు దిగిన మడమ మళ్లీ లేవలేదు. మరుసటేడు అదే జట్టులో ఆడాను.

భయంలో మనసు అలా భ్రమపడుతుందని చదువుకున్నవాళ్లు చెప్తారు. నా మనసు భ్రమపడిందనే ఒప్పుకుంటాను. వీధికి అవతల కూర్చున్న మనిషికి ఏమైనట్టు? నడిచినంతసేపూ నా చూపంతా నా పాదం మీదే ఉంది. ఒక్కసారి పక్కకి తిరిగి ఆమె మొహం చూద్దామని నాకు తోచనే లేదు.