లక్ష్మణమ్మ ఇసక

లక్ష్మణమ్మకు ఈ లోకంలో రెండు రకాల మనుషులంటే ఒళ్లు మంట. పచ్చి చేపను ఎండిందని అంటగట్టేవాళ్లొకరు, బూట్లు విప్పకుండా చేపల మధ్యకొచ్చి ఉపన్యాసం దంచేవాళ్లొకరు. మొదటి రకం కళింగపట్నంలో తక్కువే. రెండో రకమే ఈమధ్య మరీ ఎక్కువైపోయింది. తీరం కోసుకుపోతోందని ఒకడు, వాతావరణం పాడైపోతోందని ఇంకొకడు, ఏసీ కారు ఇంజను ఆపకుండా నిలబెట్టి మరీ చెప్పిపోతారు.

ముప్పై ఏళ్లుగా ఆమె చేపలు ఎండబెట్టుకునే జాగా ఒకటుంది. కాస్త మెరక, గాలి బాగా తగిలే చోటు. దానికి వేరే పేరేమీ లేదు, ఆమెకది ‘మా ఇసక’. పొద్దున్నే నెత్తళ్లనే చిన్న చేపలు పరిచి, మధ్యాహ్నం తిరగేసి, సాయంత్రానికి గంపకెత్తేది. మొగుడు గంగులు నడుము పట్టేసి పడవెక్కడం మానేశాక, ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఆ ఇసక పుణ్యమే.

సరిగ్గా అక్కడే, స్వచ్ఛ ఇంధనం అంటూ ఏదో కంపెనీ సోలార్ డ్రయ్యర్ పెట్టింది. అంటే ఏమిటనుకున్నారు? ఎండలో ఎండే చేపను గదిలో పెట్టి, అదే ఎండతో కరెంటు తీసి, ఆ కరెంటుతో ఫ్యాను తిప్పి ఎండబెట్టే యంత్రం. ఎంత బుర్ర కావాలండీ దీనికి! గది పక్కన నల్ల పలకలు, వాటి చుట్టూ కంచె. ఇసకంతా కంచె లోపలే.

ప్రమోద్ అనే ఇంజనీరు ఆడవాళ్లను కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. “ఇకమీదట నేల మీద కాదు, సోలార్ మీదే ఎండబెట్టాలి.”

“సోలారు మీదేనా?” అంది లక్ష్మణమ్మ.

“సోలార్ మీదే.”

మొదటిరోజు గదిలో పెట్టిన చేప తెల్లారేసరికి కుళ్లి కంపు కొట్టింది. మర్నాడు లక్ష్మణమ్మ రెండు గంపల నెత్తళ్లు తెచ్చి, తిన్నగా ఆ నల్ల పలకల మీద పరిచేసింది. గదిలో ఫ్యాను ఆగిపోయింది. ప్రమోద్ లబోదిబోమంటూ పరిగెత్తుకొచ్చాడు.

“సోలారు మీద ఎండబెట్టమని నువ్వే సెప్పినావు కదేటి బాబూ! ఇప్పుడేటి అలగ గెంతుతన్నావు?”

మధ్యాహ్నానికి నెత్తళ్లు గలగలమన్నాయి. నాలుగింటికి ప్రారంభోత్సవం. గదిలో కంపు తప్ప చూపించడానికి ఏమీ లేదు. ప్రమోద్ తన చేతులతోనే ఆమె చేపలు ఎత్తి ట్రేలు నింపుకున్నాడు.

రాజధాని నుంచి వచ్చిన పెద్దాయన ఒక నెత్తడు తీసి పుటుక్కున విరిచాడు. “ఇదీ సౌరశక్తి అంటే!” అన్నాడు. చప్పట్లే చప్పట్లు. మైకు లక్ష్మణమ్మ ముందు పెట్టించి, “ఇంకేం కావాలో అడుగమ్మా” అన్నాడు.

అంతసేపూ లోపల్లోపల నవ్వుకుంటున్న మనిషి మైకును రెండు చేతులా పట్టుకుంది. “నాకేటీ వద్దు బాబూ. నా ఇసక నాకిచ్చీండి.”

“రాసుకోండి” అన్నాడాయన, పక్కవాడితో.

ఇలాంటివాళ్ల మాట నమ్మకూడదని ఊరందరికీ చెప్పే మనిషి, తను మాత్రం నమ్మింది. కంచె తీశారేమోనని వారం పాటు రోజూ వెళ్లి చూసొచ్చింది.

ఎనిమిదో రోజు ఆమె గుమ్మం ముందుకు ట్రాక్టరొకటి వచ్చి, లోడంతా కుమ్మరించింది. ఏటి ఇసుక.

“ఇసుక అడిగింది మీరే కదమ్మా?” అన్నాడు ఫోను పట్టుకుని దిగిన మనిషి. “ముట్టినట్టు ఇక్కడ వేలెయ్యండి.”

“ఒరే, సముద్రం ఒడ్డునున్నదానికి ఇసక తోలుకొచ్చినావా! నేనడిగింది నా జాగారా!”

“నాకేం తెలుసమ్మా, కంప్యూటర్లో ఇసుక అనే ఉంది. ఇంట్లో ఎవరి వేలైనా పర్లేదు.”

ఆమె “ఆగు!” అని అరిచేలోపే, అరుగు మీద కూర్చున్న గంగులు వేలేసేశాడు. ప్రభుత్వం వాళ్లు ఏదిచ్చినా వేలెయ్యడం అతనికి అలవాటు. అర్జీ పరిష్కారమైందని ఫోను తియ్యటి ఆడగొంతుతో చెప్పింది.

లక్ష్మణమ్మ ఆ కుప్పలోంచి గుప్పెడు తీసి మొగుడి మొహాన కొట్టింది.