కరుణమ్మగారి సైకిలు

మొన్న నా మందుల దుకాణం షట్టరు తాళం తుప్పుపట్టి తిరగకపోతే, నాలుగు చుక్కలు కిరసనాయిలు వేసి చూశాను. ఆ వాసన తగలగానే చెయ్యి ఆగిపోయింది. నా ఈడు వాళ్లకి కిరసనాయిలు అంటే పాత వంటిల్లు గుర్తుకొస్తుంది. నాకు మాత్రం మా అరుగు మీద సత్తు బేసిను, అందులో నానుతున్న సైకిలు సామాను, పక్కన చొక్కా చేతులు మడుచుకుని కూర్చున్న బాపిరాజు కనిపిస్తాయి. ఆ వెనకే కరుణమ్మగారు.

పెనుగొండ దగ్గర కాలవని ఆనుకుని ఉన్న ఊరు మాది. డెబ్భైల చివర కరుణమ్మగారు మా చుట్టుపక్కల నాలుగు ఊళ్లకీ నర్సు. నలభై దాటిన మనిషి. తెల్లచీర, ముదురాకుపచ్చ లేడీస్ సైకిలు, క్యారియరుకి తాడుతో కట్టిన రేకుపెట్టె. ఆడమనిషి సైకిలు తొక్కడమేంటని మొదట్లో నవ్వినవాళ్లే, తమ ఇంట్లో పురిటినొప్పులు మొదలైతే ఆ బెల్లు కోసం వీధిలో నిలబడేవారు. మా చెల్లెలు ఆవిడ చేతుల మీదే పుట్టింది. పలక పట్టుకున్న పిల్లల్ని కూడా ఆవిడ అండీ అనే పిలిచేవారు. ఎవరినీ నువ్వు అనగా నేను వినలేదు.

బాపిరాజుది మొగల్తూరు. మా ఊళ్లో మేనమామ ఇంట్లో ఉండి నాతోపాటు డిగ్రీ చదివాడు. ఒకసారి వాళ్ల మామయ్య పొలంలో ఆగిపోయిన ఆయిలింజను వాడేదో తట్టగానే తిరిగింది. ఎందుకు తిరిగిందో వాడికీ తెలియదు. కానీ అప్పట్నుంచి వాడికి రాని మిషను లేదు. పరీక్షలు రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, ఒక ఆదివారం పొద్దున్నే కరుణమ్మగారు మా అమ్మకి ఇంజక్షను చెయ్యడానికి వచ్చి, ముందు చక్రం చప్పుడు చేస్తోందనీ, పెనుగొండలో షాపుకి తీసుకెళ్లాలనీ అన్నారు. షాపుదాకా ఎందుకు, సాయంత్రానికి కొత్త బండిలా చేసి ఇస్తానన్నాడు బాపిరాజు. ఆవిడ వాడిని కాదు, నన్ను చూశారు. "ఈయనకి వచ్చాండీ?" అని అడిగారు. నేను తలూపాను.

వాడు చక్రం ఊడదీసి, ఇరుసు విప్పి, లోపలి ఇనప గుళ్లన్నీ కిరసనాయిల్లో కడిగి, గ్రీజు పెట్టి మళ్లీ బిగించాడు. పని పూర్తయ్యాక బేసిను అడుగున సన్నటి నట్టు ఒకటి మిగిలింది. ఇదెక్కడిదిరా అని అడిగితే, కంపెనీవాళ్లు ఒకటి ఎగస్ట్రా పెడతారన్నాడు. చక్రం తిప్పి చూపించాడు. చప్పుడు లేకుండా గిర్రున తిరిగింది. నాకు నమ్మకం కుదరలేదు. కానీ కాదంటే వాడు చిన్నబుచ్చుకుంటాడు, నాకేం తెలుసని అడుగుతాడు. నట్టు జేబులో వేసుకుని ఊరుకున్నాను. సాయంత్రం కరుణమ్మగారు వచ్చి వీధి చివరిదాకా తొక్కి చూసి, చప్పుడే లేదండీ అని సంతోషించారు. నేనూ నవ్వాను.

మూడోరోజు పొద్దున్న మేమిద్దరం వంతెన దగ్గర టీ తాగుతుంటే, గడ్డిమోపుతో వస్తున్న ఒకాయన, నర్సమ్మగారు గట్టు మీంచి పడిపోయారండీ అన్నాడు. ఇద్దరం బాపిరాజు సైకిలెక్కి గబగబా అటు వెళ్లాం. సైకిలు ముందు చక్రం ఫోర్కులోంచి ఊడి, రేగడి మట్టిలో పడి ఉంది. ఆవిడ కాలవ వాలులో కూర్చుని ఉన్నారు. నుదుటి నుంచి నెత్తురు తెల్లచీర మీదకి కారుతోంది. ఎడమచెయ్యి మణికట్టు దగ్గర, మనిషి చెయ్యి వంగని వైపుకి వంగి ఉంది. బాపిరాజు అక్కడే చతికిలబడిపోయాడు. ఆవిడే మాట్లాడారు. "నా సంగతి తరవాత చూద్దాం. పెట్టె నీళ్లలో ఉంది, తియ్యండి. అవతల పేటలో పద్మ కనడానికి సిద్ధంగా ఉంది."

పెట్టె పైకి తీసి, బాపిరాజు సైకిలు క్యారియరు మీద ఆవిణ్ణి కూర్చోబెట్టి, చెరోపక్కా పట్టుకుని మైలున్నర నడిపించాం. పద్మ ఇంటి ముందు ఆవిడ తువ్వాలుతో చెయ్యి మెడకి కట్టించుకుని లోపలికి వెళ్లారు. ఒంటి చేత్తోనే, ఆ ఇంటి ముసలమ్మకి ఒక్కొక్కటీ చెబుతూ పురుడు పోశారు. మేం బయట గోడకి ఆనుకుని నిలబడ్డాం. బిడ్డ పుట్టిందన్నారు, ఏడుపు వినిపించలేదు. ఎంతసేపో తెలియదు. చివరికి సన్నగా, పిల్లికూనలా ఏడుపు వినపడింది. బయటికొచ్చిన ముసలమ్మ, ఇంకాస్త ఆలస్యమైతే బిడ్డ దక్కేది కాదు నాయనా అంది. బాపిరాజు గోడవైపు తిరిగి వెక్కివెక్కి ఏడ్చాడు. నేను ఏడవలేకపోయాను.

వారం తరవాత ఆవిడ ఇంటికి వెళ్లాం. చేతికి మోచెయ్యి దాకా పిండికట్టు. వాడు తన తప్పేనని అంతా చెప్పేశాడు. నేను జేబులోంచి నట్టు తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ దాన్ని చూశారు, తరవాత నన్ను చూశారు.

"ఇది మిగిలిందని నీకు ముందే తెలుసా?"

ఆ నువ్వు నాకు చెంపదెబ్బలా తగిలింది. తెలుసండీ అన్నాను.

"అతను వచ్చనుకున్నాడు, చేశాడు. నీకు అనుమానం వచ్చింది. నేను బండి తీసుకెళుతుంటే ఎదురుగా నవ్వుతూ నిలబడ్డావు. ఒక్క మాట చెబితే నడిచి వెళ్లేదాన్ని కదా."

గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాడినేమో.

కట్టు విప్పేదాకా ఆవిణ్ణి నా సైకిలు మీద తిప్పుతానన్నాను. కాదనలేదు. రెండు నెలలపాటు నాలుగు ఊళ్లూ తిరిగాం. ప్రతి ఇంట్లోనూ మందుసీసా మీద పేరు నాచేత పైకి చదివించేవారు, మళ్లీ చదవమనేవారు. ఒకరోజు ఒక సీసా దగ్గర నేను తటపటాయిస్తే, "అనుమానంగా ఉందాండీ? అయితే ఆగుదాం" అన్నారు. మళ్లీ అండీ అన్నందుకు ఆ పూట నాకు కళ్లు చెమర్చాయి. బాపిరాజు ఆ సైకిల్ని పెనుగొండ తోసుకెళ్లి, షాపు మేస్త్రీ పక్కన పొద్దంతా కూర్చుని బాగుచేయించుకొచ్చాడు. ఆవిడ మణికట్టు మాత్రం పూర్తిగా తిన్నబడలేదు. ఆ ఏడే నేను ఫార్మసీ కోర్సులో చేరాను.

ఇన్నేళ్లుగా ఈ కౌంటరు వెనక నిలబడుతున్నాను. చీటీలో ఒక అంకె తేడాగా కనిపిస్తే రాసిన డాక్టరుగారికి ఫోను చేస్తాను. కొందరు విసుక్కుంటారు, నాకు చెప్పేవాడివా అంటారు. చాలాసార్లు వాళ్లదే రైటవుతుంది. ఫోను తీసిన ప్రతిసారీ, తెలివితక్కువవాడిగా కనబడతానేమోనన్న అప్పటి జంకే మళ్లీ పట్టుకుంటుంది. ఆ జంకు ఈ వయసులోనూ పోలేదు. అయినా అడుగుతాను.