ఏం ఇడిసిపెట్టి వచ్చినవ్?

జహీరాబాద్ బజారులో స్టీలు కంచం కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూస్తాను. పలచనిదైతే మోత గరగరమంటుంది. అక్కడే బేరం అందుకుంటాను. కిరాణా దుకాణంలో పుట్టి పెరిగినదాన్ని, చెప్పిన ధరకు కొంటే ఆ పూట నాకు అన్నం సయించదు. మొన్న మాత్రం కంచం ఖంగుమంది. నేను సగం ధర అడుగుతానని దుకాణదారు ముందే మొహం చిట్లించుకుని కూర్చున్నాడు. నేను మళ్లీ ఒకసారి కొట్టి చూశాను. ఆ మోతలో ఈరమ్మక్క వినబడింది.

ఈరమ్మక్కది ఝరాసంగం దగ్గర పల్లె. కాస్తంత చెలకలో జొన్న, కంది పండించుకుంటూ చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్ల సంఘం నడిపేది. ఒకరోజు బెల్లం కోసం మా దుకాణానికి వచ్చింది. చెమ్మెక్కిన బెల్లాన్ని పాతదైతేనే రుచని నేను అంటగట్టబోతుంటే పకపకా నవ్వింది. "ఇంత నోరును బెల్లం మీద పాడు చేస్తున్నవేందే! రాత గూడ వస్తదా? రా, కూలి పెంచుమని, రేషన్ ఇయ్యమని మాకు దరఖాస్తులు రాసెటోళ్లు గావాలె" అంది. బెల్లం కొనలేదు. నన్ను తీసుకుపోయింది.

ఒకసారి కోహీర్‌లో జరిగిన సభకు వేరే దేశాల నుంచి ఇలాంటి సంఘాల ఆడవాళ్లు వచ్చారు. భార్యను కొట్టేవాడి వాకిట్లో తామేం చేస్తారో చూపించడానికి, కెన్యా నుంచి వచ్చినామె వంటవాళ్ల దగ్గర గిన్నె, గరిటె లాక్కుని మోగించింది. ఆమె మాటలు తెలుగులో చెప్పే అమ్మాయి నోరు తెరిచేలోగా ఈరమ్మక్క తన కంచం ఎత్తి జత కలిపింది. "మొగోని చెయ్యి అన్ని దేశాలల్ల ఒక్క తీరే ఉన్నట్టుందే" అంది నా చెవిలో. అప్పటి నుంచి మా సంఘంలోనూ కంచాలు మోగాయి.

మొగుడంపల్లి వైపు ఒక ఊళ్లో అనసూయను మొగుడు కొడుతున్నాడని తెలిసిన రోజు ఈరమ్మక్కకు జ్వరం. నేనొక్కదాన్నే పోయాను. వాణ్ని కాసేపు బెదిరించి, కాసేపు బుజ్జగించి ఒక మాట తెంపాను: ఆమె సంఘానికి రాదు, వాడు చెయ్యెత్తడు. మంచి బేరం తెగిన రోజు మా నాన్న మీసం దువ్వుకునేవాడు. నాకు మీసం లేదు కాబట్టి కొంగు విసురుకుంటూ ఈరమ్మక్క మంచం దగ్గరికి వచ్చాను.

"కొట్టనని ఒట్టేసిండక్కా."

"మరి నువ్వేం ఇడిసిపెట్టి వచ్చినవ్?"

చెప్పాను. ఆమె లేచి కూర్చుంది. "రేపే పోయి అనసూయను మీటింగుకు తోల్కరా."

నేను పోలేదు. తెగిన బేరాన్ని మళ్లీ కదిలిస్తే దుకాణానికి పరువుండదని కదా మా ఇంట్లో నేర్చుకున్నది! జ్వరం తగ్గక ఈరమ్మక్క మీటింగుకు రాలేదు, అనసూయా రాలేదు. రాకూడదన్నదే మా ఒప్పందం కాబట్టి, ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. ఆమె మణికట్టు విరిగి ఇంట్లో పడి ఉందని మూడో రోజు పక్కింటామె వచ్చి చెప్పింది.

మిట్టమధ్యాహ్నం వాడి వాకిట్లో కంచాలు మోగాయి. వెనక నక్కిన నన్ను ఈరమ్మక్క ముందుకు నెట్టి, తన కంచం నా చేతిలో పెట్టింది. "ఏంది సావుకారమ్మా, మాట అనుకున్నం గద!" అన్నాడు వాడు నన్ను చూసి. నాకు భూమిలోకి కుంగిపోయినట్టయింది. ఇంతలో అనసూయ, చెయ్యి కొంగులో చుట్టుకుని గడప దాటి వచ్చింది.

"ఏం గావాలె బిడ్డా?" అడిగింది ఈరమ్మక్క.

"ముందుగాల దవాఖాన. ఆడికెల్లి ఠాణా."

తిరిగి వస్తుంటే ఈరమ్మక్క తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "నీ బెల్లమైతే ఎంతన్న తగ్గించుకో. అది ఆమె చెయ్యి గదనే" అంది, అంతే. ఆ తరువాత నేను ఏ ఇంటికి పోయి వచ్చినా తన ఊరి మలుపులో నిలబడి ఒక్కటే అడిగేది: ఏం ఇడిసిపెట్టి వచ్చినవ్?

ఆమె పోయి రెండేళ్లు. ఇప్పుడు ఆ పని మీద అనసూయా, నేనూ తిరుగుతున్నాం. "ఇద్దరిదీ తప్పే గద, సగం సగం సర్దుండ్రి" అని మొగుడి వైపువాళ్లు ఫోన్లు చేస్తారు. సగం అన్న మాట వినగానే నా నాలుక దురద పెడుతుంది. పళ్లు బిగించి, "దెబ్బలకు బేరం లేదు" అంటాను.

కంచం చెప్పిన ధరకే కొన్నాను. "తబియత్ మంచిగలేదా అమ్మా?" అన్నాడు దుకాణదారు. మర్నాడు ఆ కంచంతోనే ఒక ఇంటికి పోయి వచ్చాం. వస్తూ వస్తూ షేర్ ఆటో ఈరమ్మక్క ఊరి మలుపులో ఆగింది. అలవాటుగా తల బయటపెట్టి చూశాను.

ఏం ఇడిసిపెట్టలేదక్కా. ఒక్కసారి అడుగు.