ఒక్క కయ్య మినహా

ఈ ఉదయం గట్టు మీద నడుస్తుంటే మంచుకు చీర అంచు తడిసి కాళ్లకు చుట్టుకుంది. నారు మీద రాత్రి కప్పిన ప్లాస్టిక్ పట్టా ఎత్తగానే వెచ్చటి పచ్చి వాసన ముఖానికి కొట్టింది. ఆకుల నిండా నూలుకండె ఆకారపు మచ్చలు. అగ్గి తెగులు! రైతు ఇంట్లో అయితే గుండెలు బాదుకునే వార్త. నాకు మాత్రం సుగుణమ్మ మేడమ్ గుర్తొచ్చి నవ్వొచ్చింది.

కోవూరు అవతల ఉన్న ఈ చిన్న వరి ప్రయోగ క్షేత్రంలో నేను చేరినప్పుడు ఆవిడే నా పై అధికారి. తెగులును తట్టుకునే వంగడాలు తయారు చేయడం మా పని. ఆవిడ ఒక కయ్యలో, అదే మడిలో, నారు పోయించి, యూరియా దండిగా చల్లించి, తెగులుకు ఇట్టే లొంగే రకాన్ని చుట్టూ వేయించి, సాయంత్రం నీళ్లు చిలకరించి పట్టా కప్పిస్తుంటే నాకు మతిపోయింది. ఆ తెగులు దెబ్బకే మా నాన్న తాతలనాటి సన్నరకం వదిలేసి, అప్పట్నుంచీ అన్నంలో రుచి లేదని సణుగుతుండేవాడు.

"తెగుల్ని పిలిచి పీట వేస్తారా మేడమ్?" అన్నాను.

"పీటేంది, విస్తరే వేస్తా. చుట్టం రాకపోతే ఎవురు గట్టోళ్లో ఎట్టా తెలుస్తాదమ్మాయ్?"

పెళ్లికి పిలిచినా ఆవిడ చూపు గాదె మీదే. ఎవరింట్లో పాత విత్తనం ఉన్నా గుప్పెడు కొంగున కట్టుకొచ్చేవారు. "ఊరంతా ఒకటే తాళం వేస్తే దొంగకు ఒక్క తాళంచెవి చాలు. పైర్లూ అంతే," అనేవారు. సముద్రం ఒడ్డు పల్లెలో గంజికి తప్ప పనికిరాదన్న ఎర్ర బియ్యాన్ని అట్లాగే తెచ్చి, నాన్న వదిలేసిన సన్నరకంతో సంకరం చేశారు. అలా పుట్టిన మొక్కల వరసల్లో పొట్టిగా, ముద్దుగా ఉన్నదానికి చిట్టి అని పేరు పెట్టుకున్నారు. గట్టు పక్కన మోటుగా పెరిగినది మొద్దు.

ఆ ఏడు వానలు ముందే ఆగిపోయి, డిసెంబరు వచ్చినా మంచు జాడ లేదు. మంచు లేకపోతే తెగులు రాదు, తెగులు రాకపోతే ఏ వరస గట్టిదో తేలదు. ఈసారి కూడా తేలకపోతే పని ఆపేయమని పైవాళ్లు చెప్పేశారు. మేడమ్‌కు అన్నం సయించడం లేదు.

ఒక ఆదివారం నన్నూ చర్చికి తీసుకెళ్లారు. పాస్టర్ గారు కళ్లు మూసుకుని, "ప్రభువా, మా పొలాలన్నిటినీ తెగుళ్ల నుంచి కాపాడుము," అంటుండగా మేడమ్ లేచి నిలబడ్డారు.

"అయ్యగారూ, నా కయ్య మినహా అనండి!"

చర్చి అంతా గొల్లున నవ్వింది.

"తెగులు రావాలని ఎట్టా ప్రార్థన చేసేదమ్మా?" అన్నారాయన బిక్కమొహంతో.

"తెగులు మాట ఎత్తొద్దులే. మంచు పడాలనండి చాలు. మిగతాది అదే చూసుకుంటాది."

ఆయన మళ్లీ కళ్లు మూసుకున్నారు.

క్రిస్మస్ పాటలవాళ్లు వీధుల్లో తిరిగే రోజులకు మంచు దిగింది. ఆ వెనకే కయ్య కయ్యంతా మాడింది. అందరికంటే ముందు మాడింది చిట్టి. ఏళ్ల తరబడి కంటికి రెప్పలా చూసుకున్న మేడమ్ గట్టు మీద కూలబడ్డారు. నేనూ పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆవిడే కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

"పోయినోళ్ల సంగతి తర్వాత. ఎవురు నిలబడినారో చూద్దాం పద."

మొద్దు ఒక్క మచ్చ లేకుండా నిలబడి ఉంది. పని ఆగలేదు. మొద్దును మళ్లీ సన్నరకంతో కలిపి, ఏటేటా ఏరి, చివరికి ఆ బియ్యం మా ఇంట్లో వండిన రోజు మేడమ్‌ను భోజనానికి పిలిచాం. నాన్న చేపల పులుసు కలుపుకుని సణగకుండా తిన్నాడు. తర్వాత పళ్లెం ముందుకు జరిపి, "ఇంకొంచెం పెట్టమ్మా," అన్నాడు. మేడమ్ పకపకా నవ్వారు.

ఇప్పుడు ఆవిడ లేరు. పాస్టర్ గారు ముసలివారయ్యారు, అయినా పొలాల కోసం ప్రార్థన చేసిన ప్రతిసారీ "ఒక్క కయ్య మినహా" అనడం మరచిపోరు.

ఈ ఉదయం నవ్వుకుంటూనే పట్టా పూర్తిగా తీశాను. నేను ప్రాణం పెట్టి పెంచిన వరస, సుగుణ అని నేనే పేరు పెట్టుకున్నది, మొదలంటా మాడిపోయి ఉంది. ఏడుపు తన్నుకొచ్చింది. గట్టు మీద కూర్చుని కరువుతీరా ఏడ్చాను.

తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని, తడిసిన కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, ఎవరు నిలబడ్డారో చూద్దామని చివరి వరస వైపు నడిచాను.