ఉప్పు పోయేదాకా

కొత్త ఊరికి వెళ్తే మొదటి గుక్క నీళ్ళు నాలుక మీద కాసేపు నిలిపి చూస్తాను. నిన్న లాడ్జిలో బోరు నీళ్ళు ఉప్పగా తగిలేసరికి చీరాల దగ్గరి మా రేవు గుర్తొచ్చింది.

నాన్న వేట నుంచి రాగానే పడవ ఇంజను విప్పి, ఇంటి ముందున్న చిన్న డ్రమ్ముకి బిగించేవాడు. అమ్మా నేనూ అందులో మంచినీళ్ళు పోసేవాళ్ళం. ఇంజను తిప్పితే ఆ నీళ్ళు దాని లోపలంతా తిరిగి, పక్క చిల్లులోంచి కిరోసిన్ వాసనతో చిమ్మేవి. అమ్మ ఆ నీళ్ళలో వేలు తడిపి రుచి చూసేది. ఉప్పు తగిలితే డ్రమ్ము ఖాళీ చేసి మళ్ళీ నింపాలి. అది ఇంజనుకి స్నానమనుకునేదాన్ని. ఒక పూట స్నానం మానితే ఏమవుతుంది?

ఆ వేసవిలో కొళాయి రెండు రోజులకొకసారి వచ్చేది. ఆ రోజు ఇంట్లో రెండు బిందెల నీళ్ళే మిగిలాయి. మర్నాడు బడిలో ఫొటో తీస్తారు, నేను తలంటుకోవాలి.

"ఉప్పు పోయిందేమో చూడవే," అంది అమ్మ.

చూశాను. ఉప్పగానే ఉంది. "పోయిందమ్మా," అన్నాను.

అమ్మ నా మొహం చూసి, తనూ వేలు తడిపింది. తిట్టలేదు. "లోపల ఉప్పు పేరుకుంటే దాన్ని చల్లబరిచే నీళ్ళు తిరగవే. ఇంజను కాగిపోయి నడిసముద్రంలో ఆగిపోద్ది. అప్పుడు మీ నాన్న ఎట్టా వస్తాడు?" అంటూ తాగే నీళ్ళతో సహా రెండు బిందెలూ తెచ్చి పోసింది.

బడి ఫొటోలో నా జుట్టు జిడ్డుగానే ఉంది. ఆ ఫొటో రోజు తెల్లవారుజామున వేటకెళ్ళిన నాన్న పొద్దుగూకేలోపే వచ్చాడు. అప్పటిదాకా ఆయన తిరిగి రావడం మామూలు విషయమనుకునేదాన్ని.