ఎముక నాది, తగువు వాళ్ళది

చెడుగుడులో భుజంతో గుద్దడం ఆటా, తొండా అని మా ఊళ్ళో ఒక వేసవి అంతా వాదించుకున్నారు. సోడా కొట్టు దగ్గర వాదించారు, రైసుమిల్లు అరుగు మీద వాదించారు, మంగలి ముందు కూర్చుని సగం గడ్డం గీయించుకుని మిగతా సగం మరిచిపోయి కూడా వాదించారు. ఆ గుద్దు తిన్నవాణ్ణి నేను. విరిగిన ఎముక నాది. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. అడక్కుండానే చెప్పబోతే, నొప్పి మీద ఉన్నావు నీకేం తెలుసు, ఊరుకోమన్నారు. ఇన్నేళ్ళయినా ఆ మాట గుర్తొస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మాది అల్లూరు పక్కన వరి పండే ఊరు. మా పొలాలు దాటి తూర్పుకు నడిస్తే సముద్రం, ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పాళెం. నయాపైసలు వచ్చిన కొత్త రోజులవి. కుప్పలు నూర్చడం అయిపోయాక ప్రతి ఏడూ మాకూ పాళెం వాళ్ళకూ చెడుగుడు పోటీ జరిగేది. ఒక ఏడు మా కళ్ళంలో, మరుసటేడు వాళ్ళ ఇసుకలో. గెలిస్తే ఇచ్చేదేమీ లేదు. ఓడినవాళ్ళు మళ్ళీ ఏడు దాకా మాటలు పడాలి, అంతే.

మా ఊరి తరఫున కూతకు వెళ్ళేవాళ్ళలో నేనే ముందు. ఒక్క ఊపిరిలో కూత ఆపకుండా అవతలి గీత లోపలికి పోయి, ఒకణ్ణి తాకి, పట్టుబడకుండా తిరిగి రావడంలో ఉన్న రుచి నాకు మరి దేంట్లోనూ దొరకలేదు. చిక్కల్లా పాళెంలో ఒకడితో వచ్చింది. నాకంటే రెండు మూడేళ్ళు చిన్నవాడు. మనిషి పొడుగేమీ కాదు. కానీ భుజం ఉంది చూశారూ, ఆ భుజంతోనే వాడు నన్ను ప్రతి ఏడూ ఆపేవాడు.

మా ఊరివాళ్ళ బలమంతా పట్టులో ఉంటుంది. నాగలి మేడి పట్టిన చేతులు, మోపు కట్టిన వేళ్ళు. కూతకు వచ్చినవాడి మణికట్టో మడమో దొరికిందంటే వదలరు. పాళెం వాళ్ళు అట్లా కాదు. నావను అలల్లోకి తోసేటప్పుడు చూడాలి వాళ్ళను. చేతులు ఊరికే ఆనిస్తారు, తోసేది మాత్రం భుజం. అల వెనక్కి పోయే క్షణం చూసి అందరూ ఒక్కసారి భుజం ఇస్తారు, అంత పెద్ద నావా జారిపోతుంది. చిన్నప్పటినుంచీ అదే పని చేసినవాడు ఆటలోనూ అదే చేస్తాడు. పట్టుకోడు, అదను చూసి గుద్ది గీత అవతల పడేస్తాడు.

ఆ ఏడు పోటీ మా కళ్ళంలో జరిగింది. నేను కూతకు వెళ్ళి ఒకణ్ణి తాకి వెనక్కి తిరిగాను. వాడు పక్కనుంచి వస్తున్నాడు. నేను చూశాను. ఈ సంగతి ఎన్నిసార్లయినా చెబుతాను: వాడు రావడం నేను చూశాను. తప్పించుకోగలననుకున్నాను, తప్పించుకోలేకపోయాను. భుజం వచ్చి తగిలింది, నేను లేచి పక్క గీత అవతల పడ్డాను. మెడ కింద అడ్డంగా ఉండే ఎముక ఎండుపుల్లలా పటుక్కుమంది. అలికి ఆరబెట్టిన కళ్ళం నేల అది, ఇసుక కాదు.

అందరికంటే ముందు నా దగ్గరికి వచ్చినవాడు వాడే. తన తలపాగా విప్పి నా చెయ్యి ఛాతీకి కట్టి, కదిలించవద్దని చెప్పాడు. నాకు కళ్ళు తిరుగుతున్నాయి. అంత నొప్పిలోనూ, ఏం దెబ్బ కొట్టాడ్రా అనుకున్నాను. వెనకనుంచి వస్తే తొండి. ఎదురుగా కనపడుతూ వస్తే ఆట. నా లెక్క అప్పుడూ ఇదే, ఇప్పుడూ ఇదే. మంచంలో పడుకున్నన్నాళ్ళూ నేను కోరుకున్నది ఒక్కటే. కట్టు విప్పాక మరుసటేడు వాడిమీదికి కూతకు వెళ్ళాలి, ఆ భుజం వస్తుంటే చూడాలి, తప్పించుకుని గీత దాటాలి.

మా ఊరివాళ్ళు మాత్రం ఆ సాయంత్రమే తొండి అని తేల్చేశారు. అందరికంటే గట్టిగా తేల్చినవాడు మా పెదనాయన. కాలవ నీళ్ళ వంతుల తగువులు తీర్చడంలో ఆయనకు పేరు. ఆయనకు చెడుగుడు కూడా కాలవ తగువులాగే కనపడింది. దెబ్బ గీతకు ఏ పక్కన పడింది, మనిషి ఏ పక్కన పడ్డాడు, గట్టు ఎవరిది అంటూ మొదలుపెట్టాడు. కళ్ళంలోకి తీసుకెళ్ళి కర్రతో గీతలు గీసి చూపించాడు. ఆయన జన్మలో ఒక్కసారి కూడా కూతకు వెళ్ళిన మనిషి కాదు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఇంతలో చేపలు వచ్చాయి.

నాకు నాటుకట్టు కట్టిన నాలుగో రోజో ఐదో రోజో, పొద్దున్నే దొడ్డివైపు వాడు వచ్చి నిలబడ్డాడు. చేతిలో తాటాకు బుట్ట, దాన్నిండా కానాగంతలు. అమ్మకు ఇచ్చి, నేనెట్లా ఉన్నానో అడిగి వెళ్ళిపోయాడు. వల వేసిన రోజల్లా వచ్చాడు. ఒకసారి వంజరం ముక్క, ఒకసారి గుప్పెడు రొయ్యలు, ఏమీ పడకపోతే వట్టి చేతులతో వచ్చి పడలేదని చెప్పి పోయేవాడు. నాకు మొహమాటం వేసి, ఇదంతా ఎందుకని ఒకరోజు అడిగాను.

"నాదేముందన్నా, మా ఊరి కట్టుబాటు ఇది" అన్నాడు. "వల కాడ ఎవురికి దెబ్బ తగిలినా, మళ్ళా వోడు లేచి వల తాడు పట్టిందాకా వోడి వాటా వోడి ఇంటికి పోవాల. పడినప్పుడు పక్కనున్నోడు మోసకపోవాల. ఆటలో పడినా అంతే."

ఎవరి వల్ల పడ్డాడని చూడరా అని అడిగితే, నా మొహంలోకి వింతగా చూశాడు. సముద్రం మీద అది చూస్తూ కూర్చుంటే ఎవరూ నావ ఎక్కరన్నాడు. నాకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. మా ఊళ్ళో పొలం గట్టు మీద కాలు జారినా అది ఎవరి గట్టో చూసిగాని లేవం. వాళ్ళ దృష్టిలో నేను అవతలి పక్షంవాణ్ణి కాదు, ఆ రోజు వాళ్ళతో కలిసి ఒకే తాడు లాగినవాణ్ణి.

ఈ సంగతి పెదనాయనకు చెప్పాను. ఆయన పెద్దగా నవ్వాడు.

"గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నట్టుంది" అన్నాడు. "తప్పు చెయ్యనోడు చేపలెందుకు తెస్తాడ్రా? మనం అడిగినామా? అడక్కుండానే తప్పుకు జరిమానా కడతా ఉండాడు."

ఆ గుమ్మడికాయల మాట మధ్యాహ్నానికల్లా సోడా కొట్టుకు చేరింది. సాయంత్రానికి ఊరంతా అదే మాట. అంతవరకూ ఇద్దరు ముగ్గురైనా ఆటలో అట్టాంటివి మామూలేలే అనేవాళ్ళు. చేపల సంగతి తెలిశాక వాళ్ళూ అటు తిరిగారు. నేను ఒక్కొక్కరికీ మొదటినుంచీ చెప్పుకొచ్చాను. వాటా అన్నాను, తాడు అన్నాను, అది వాళ్ళ ఊరి కట్టు అన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. పైగా, ఊరందరిదీ ఒక దారి ఉలిపికట్టెది ఒక దారి అని నన్నే దెప్పారు. చేపల పులుసు తిని మావాడు మెత్తబడ్డాడని కూడా అన్నారు. ఆ పులుసు తిన్నది నేనొక్కణ్ణేనా? పెదనాయన మా ఇంటికి వచ్చి, పులుసులో కానాగంతలు బాగున్నాయని రెండోసారి వడ్డించుకుని తిని, మూతి తుడుచుకుని, నేరుగా మిల్లు అరుగు మీదికి పోయి చేపలే సాక్ష్యం అని చెప్పేవాడు. అరికాలి మంట నెత్తికెక్కేది నాకు. చెయ్యి కట్టేసి ఉంది కాబట్టి సరిపోయింది.

వాణ్ణి రావడం మానెయ్యమని చెబుదామనుకున్నాను. చెబితే మాత్రం మానతాడా? అమ్మ కూడా వద్దంది. తెచ్చేవాణ్ణి గుమ్మంలోనుంచి తిప్పి పంపడం తన వల్ల కాదంది.

చివరికి మిల్లు అరుగు మీద పంచాయితీ పెట్టారు. పాళెం నుంచి ఇద్దరు పెద్దలు వచ్చారు, వాళ్ళ వెనక వాడు. నేనూ కట్టుతో వెళ్ళి కూర్చున్నాను. నేను చెప్పవలసింది దారి పొడవునా కూడబలుక్కున్నాను: వాడు ఎదురుగా వచ్చాడు, నేను చూశాను, తప్పించుకోలేకపోవడం నా ఆటలో లోపం, వాడి ఆటలో తొండి కాదు. నోరు తెరిచేలోపు పెదనాయన చెయ్యి ఎత్తి నన్ను ఆపి, వాణ్ణే అడిగాడు.

"చేపలు తెచ్చినావా లేదా?"

"తెచ్చినానయ్యా."

"ఎవురన్నా తెమ్మన్నారా?"

"లేదయ్యా."

"అయితే సరే" అని పెదనాయన చుట్టూ చూశాడు. అందరూ తలలూపారు. అంతే, తీర్పు అయిపోయింది. నేను లేచి గట్టిగా అరిచాను. అది జరిమానా కాదు, వాటా అని అరిచాను. ఎవరో నా మంచి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు, పాపం కుర్రాడికి నొప్పిగా ఉందన్నారు. పాళెం పెద్దలు చెబుతారేమో అని వాళ్ళవైపు చూశాను. మా ఊరి వడ్లు వాళ్ళకు కావాలి, వాళ్ళ చేపలకు మా ఊరు కావాలి. ఆట కోసం ఈ తగువెందుకనుకున్నట్టున్నారు. ఇకమీదట ఇరుపక్షాలూ చేతులతోనే పట్టాలి, భుజం ఆనిస్తే తొండి కింద లెక్క, ఆనించినవాడు బయటికి పోవాలి అని ఒప్పుకుని, గాలి తిరుగుతోందని లేచి వెళ్ళిపోయారు. వాడు తల వంచుకుని వాళ్ళ వెనకే నడిచాడు.

చేపలు ఆ తర్వాత కూడా వచ్చాయి. నా కట్టు విప్పిన రోజు వాడే నా చెయ్యి పైకెత్తించి చూసి, ఇంక తాడు పట్టొచ్చు అన్నాడు. ఆ మరునాటినుంచి రాలేదు.

మరుసటేడు పోటీ పాళెంలో, ఇసుకలో. నేను ఏడాదంతా ఆ ఒక్క కూత కోసమే బతికాను. పొలం గట్ల మీద పరుగెత్తాను, పక్కకు దూకడం నేర్చుకున్నాను. తీర్పులు ఎన్ని చెప్పినా ఆటలో దిగాక మనిషి తన ఆటే ఆడతాడని నా నమ్మకం. ఊపిరి బిగబట్టి కూత పెట్టి వాడున్న మూలకే వెళ్ళాను. వాడు నన్ను చూశాడు. నేను కావాలనే ఇంకా లోపలికి వెళ్ళాను, పక్క చూపించాను, రమ్మన్నట్టు నిలబడ్డాను కూడా. వాడు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని పక్కకు జరిగి దారి ఇచ్చాడు. వాడి ఛాతీ మీద చెయ్యి ఆనించి, ఎవరూ అడ్డు రాకపోతే నడుచుకుంటూ గీత దాటి వచ్చేశాను. మావాళ్ళు ఈలలు వేశారు. పెదనాయన ఎగిరి గంతేశాడు.

ఆట అయ్యాక వాణ్ణి నావ దగ్గర పట్టుకున్నాను. నన్నింత చులకన చేస్తావా అని అడిగాను. ఇసుకలో పడితే ఏమవుతుంది, చేతులతోనైనా పట్టొచ్చు కదా అని కేకలేశాను. వాడు కోప్పడలేదు.

"పడితే మళ్ళా దెబ్బ తగలొచ్చు గదన్నా" అన్నాడు. "తగిలితే నేను చేపలు తేవాల. తెస్తే మీ ఊళ్ళో తప్పంటారు. తేకపోతే మా ఊళ్ళో తప్పంటారు. నేనేం జెయ్యాల, నువ్వే చెప్పు."

వాణ్ణి పాళెం వాళ్ళు పిలిచారు, వెళ్ళి నావకు భుజం ఆనించాడు. నేను ఇసుకలో నిలబడి చూశాను.

ఆ ఏడు మేమే గెలిచాం. దారిలో పెదనాయన అందరికీ సోడాలు ఇప్పించాడు, నేను తాగలేదు. ఇల్లు చేరేసరికి అమ్మ గుమ్మంలో ఎదురుచూస్తోంది. నా భుజం తడిమి చూసి, దెబ్బలేమన్నా తగిలినాయా నాయనా అని అడిగింది. లేదమ్మా, ఒక్కటి కూడా తగల్లేదు అన్నాను. ఆ మాట చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది.